అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత నన్ను అనవద్దు. నేను చెప్పేదాన్ని సగానికి సగం తీసేసి వినాలి. మా ఇంట్లో ఆ లెక్క ఎప్పటినుంచో నడుస్తోంది. 'బజార్లో వెయ్యిమంది ఉన్నారు' అని నేనంటే, 'అంటే నలుగురు' అని మా ఆవిడ కూరగాయల సంచీ అందుకుంటుంది. నేను పుట్టినప్పుడు మా అమ్మ లెక్కలో రెండున్నర కిలోలు, నా లెక్కలో నాలుగు. అబద్ధం ఆడను. ఉన్నదాన్ని కాస్త ఊదుతాను, అంతే. బుడగలో గాలి నాది, రబ్బరు మాత్రం నిజం. ఈ ముచ్చటలో ఒకే ఒక్కచోట రబ్బరు కూడా నాదే. అదెక్కడో చివర్లో చెప్తాను.

తెలంగాణ ఉద్యమం మంచి కాక మీదున్న రోజులు. నేను మానుకోటలో, అంటే కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, ఒక చిన్న సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఏ శాఖ అని అడక్కండి, అందులో పనిచేసే మాకే సరిగ్గా తెలిసేది కాదు. మా ఇల్లు జనగామ. రోజూ ప్యాసింజరు బండిలో పోయి రావడం. ఆ బండి ఎంత నిదానమంటే, జనగామలో నున్నగా గీయించుకున్న గడ్డం కాజీపేట వచ్చేసరికి మళ్లీ మొలిచేది. వరంగల్‌లో దిగి గీయించుకుని, పరుగు కూడా పెట్టకుండా అదే పెట్టె ఎక్కేవాణ్ణి.

ఆఫీసంటే ఒక హాలు, దాని వెనక సారు గది. సిబ్బంది ఆరుగురం. అందులో ఇద్దరు ఎప్పుడూ సెలవులో ఉండేవాళ్లు కాబట్టి వాళ్లను వదిలేద్దాం. మిగిలింది నలుగురం. రికార్డు గది చూసే పెద్దాయనది రేగొండ. ఆయన దగ్గితే అరల్లోంచి నిజాం కాలం దుమ్ము లేచేది. అటెండరును అందరం చాచా అనేవాళ్లం. ఆయన పెట్టే చాయ్‌లో చెంచా నిలబెడితే సాయంత్రం దాకా నిలబడే ఉండేది. బయ్యారం నుంచి బస్సులో వచ్చే టైపిస్టు అక్క మూడో మనిషి. ఆమె భర్త మా శాఖలోనే పనిచేస్తూ చనిపోతే, ఇంటికి ఆధారంగా ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్లు ప్రొబేషన్. ఆ రెండేళ్లలో ఎక్కడైనా మచ్చ పడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. నాలుగోవాణ్ణి నేను.

మా సారుది గోదావరి జిల్లా. మంచివాడే. కాకపోతే గది దాటి హాల్లోకి వచ్చేవాడు కాదు. మమ్మల్ని పేర్లతో కాదు, సెక్షన్లతో పిలిచేవాడు. నేను 'బి సెక్షన్'ని. అక్క 'టైపు'. పెద్దాయన 'రికార్డు'. అలాంటి సారును హైదరాబాదులో ఒక శిక్షణకు పంపారు. ఉద్యోగుల మనశ్శాంతి, నాయకత్వం, ఈ క్షణంలో ఉండడం, ఇవీ పాఠాలు. వెళ్లేటప్పుడు టిఫిను క్యారియర్‌తో వెళ్లాడు, వచ్చేటప్పుడు ఇత్తడి గంటతో వచ్చాడు.

“చూడండీ,” అన్నాడు మా అందరినీ నిలబెట్టి, “మనం ఫైలు చూస్తూ టిఫిను గురించి ఆలోచిస్తాం. టిఫిను తింటూ ఫైలు గురించి ఆలోచిస్తాం. అలా కాదండీ. ఎక్కడున్నామో అక్కడే ఉండాలి.”

చాచా నా చెవిలో అన్నాడు: “టిఫిన్ తినేటప్పుడు ఫైల్ యాదికొచ్చేటోడు ఈ ఆఫీసుల ఎవడున్నడు భాయ్?”

పద్ధతి ఏమిటంటే, ఉదయం పదీపదికి గంట మోగుతుంది, అందరం కళ్లు మూసుకుని పది నిమిషాలు ఊపిరిని గమనించాలి. కానీ పదీపదికి ఆఫీసులో ఉండేది సారూ, రెండు బల్లులే. మేం పదకొండుకు వచ్చేవాళ్లం. గంటను పదకొండుంబావుకు మార్చారు. అప్పుడు పెద్దాయన గురక మొదలయ్యేది. ఆ గాలికి గోడ మీది క్యాలెండరులో రెండేసి నెలలు తిరిగిపోయేవి. నేను ఊపిరి లెక్కపెడుతూ జనగామ స్టేషన్‌లో మిరపకాయ బజ్జీల దగ్గర తేలేవాణ్ణి. “సాబ్, ఇన్నేండ్ల సంది ఊపిరి దానంతట అదే ఆడుతుండె. మీరు చూడమన్నకాంచి ఆగి ఆగి ఆడుతుంది. పరేషాన్‌గ ఉన్నది,” అని చాచా మొరపెట్టుకున్నాడు.

ఇంకోరోజు సారు ఒక పళ్లెంలో ఎండుద్రాక్ష తెచ్చాడు. ఒక్కొక్కరు ఒక్క పండు తీసుకుని, చూసి, వాసన చూసి, అయిదు నిమిషాలపాటు నమిలి రుచి గమనించాలట. వివరిస్తుండగా ఫోనొచ్చి గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పళ్లెం అద్దంలా మెరుస్తోంది.

“అన్నీ తినేశారా!” అన్నాడు సారు.

“గమనించినం సార్,” అన్నాడు పెద్దాయన మూతి తుడుచుకుంటూ. “తియ్యగ ఉన్నయి.”

ఆ తర్వాత గంట బీరువా ఎక్కింది.

అప్పుడే సహాయ నిరాకరణ వచ్చింది. తెలంగాణ వచ్చేదాకా సర్కారుకు సహకరించొద్దని ఉద్యోగ సంఘాలు పిలుపునిచ్చాయి. ఆఫీసుకు రావాలి, కుర్చీలో కూర్చోవాలి, పని మాత్రం ముట్టొద్దు. పెన్ డౌన్. ఇక్కడ జరిగిన వింత వినండి. పని చేయాల్సిన రోజుల్లో పదకొండుకు వచ్చే మేము, పని చేయకుండా ఉండడానికి సరిగ్గా పదింటికి వచ్చాం. ఒక్కరు తగ్గినా మన ఆఫీసు పరువు పోతుందని పట్టుదల. సెలవులో ఉండే ఆ ఇద్దరు కూడా వచ్చారు. వాళ్ల కుర్చీలు ఏవో వాళ్లకే తెలియక హాలంతా వెతుక్కున్నారు. చాచా పొద్దున ఎనిమిదింటికే తాళం తీశాడు. సారు గది కిటికీలోంచి మమ్మల్ని చూసి, తన చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

చాచా ఒక బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చి హాలు మధ్య పెట్టాడు. “అందరు పెన్నులు దీంట్ల ఏయాలె. జేబుల ఉంటే చెయ్యి ఊకుండదు.”

అందరికంటే ముందు నా పెన్ను పడింది. టంగ్‌మని మోగింది. ఆ మోతకు డోర్నకల్ జంక్షన్‌లో ఆగున్న గూడ్సు కదిలిందని చెప్పుకుంటారు. తర్వాత పెద్దాయన వేశాడు, మిగతావాళ్లు వేశారు. అక్క తన బ్యాగులోంచి నల్లటి ఇంకు పెన్ను తీసింది. మూత మీద గీతలు పడి ఉన్నాయి. అది ఆమె భర్తదని మాకు తెలుసు.

“బిడ్డా, నువ్వు ఆగు,” అన్నాడు పెద్దాయన. “నీది ఇంక పక్కా కాలె. ఎన్ని రోజులున్నది?”

“పది రోజులు బాపూ.”

“పది రోజుల కాడ నౌకరి ఎందుకు ఆగం చేసుకుంటవ్? నువ్వు నీ టైపు కొట్టుకో. నిన్ను ఇక్కడ ఒక్కలు అంటే నా దిక్కు చూడు.”

ఆమె పెన్నును చప్పుడు కాకుండా డబ్బాలో పెట్టి, వచ్చి టైపు మిషనుకు గలేబు కప్పి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఇక ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం అంత ఘనంగా జరగడం నేనెప్పుడూ చూడలేదు. ఆరుగురం కదలకుండా కూర్చున్నాం. నవ్వుకోండి గానీ, సారు గంట కొట్టి నేర్పలేనిది అప్పుడు దానంతటదే వచ్చింది. చేయడానికి పని లేకపోయేసరికి ఉన్నదంతా కనిపించడం మొదలైంది. గోడ గడియారం మూడేళ్ల క్రితమే ఆగిపోయిందని ఆ రోజే కనిపెట్టాం. అక్క మీద ఉన్న ఫ్యాను తిరగడం లేదని, నా మీది ఫ్యాను మూడు రెక్కలూ నాకే గాలి విసురుతున్నాయని... సరే, అది కొంచెం ఊదాను, ఆమె మీద ఫ్యానే లేదు. పెద్దాయన దగ్గు రికార్డు గదిలో ఉన్నప్పుడే వస్తుందని, బయట కూర్చుంటే రావడం లేదని గమనించాం. పదేళ్లుగా ఆయన దగ్గును మేం ఆఫీసు ఫర్నిచరులో ఒకటిగా లెక్కేశాం. అక్క మధ్యమధ్య మణికట్టు ఒత్తుకోవడం చూశాం. ఆమె బల్ల పొట్టిగా ఉందని, టైపు కొట్టేటప్పుడు చేతులు వంకరపడతాయని అప్పుడు తెలిసింది.

“అరే, మనం ఇంత మంచిగుంటమా చూడనీకి?” అన్నాడు చాచా అందరినీ తిప్పి తిప్పి చూస్తూ.

“నువ్వొక్కనివే బాగలేవు చాచా,” అన్నాను.

“నీ దిక్కు చూసినంక నేనే ఈ ఆఫీసుకు హీరో భాయ్.”

ఇలా కొన్ని రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం పన్నెండింటికి సారు గదిలో ఫ్యాక్సు కిర్రుమంది. కాసేపటికి సారు తలుపు దగ్గరకు వచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది. పైనుంచి హుకుం: పెన్ డౌన్‌లో కూర్చున్నవాళ్ల పేర్ల జాబితా సాయంత్రం అయిదు లోపు పంపాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల పేర్లను విడిగా గుర్తించాలి.

మా ఆఫీసులో ప్రొబేషన్‌లో ఉన్నది ఒక్కరే. అందరి కళ్లూ టైపు మిషను వైపు తిరగకుండా ఆపుకున్నాం. అంత కష్టమైన పని నేను సర్వీసు మొత్తంలో చేయలేదు.

సారుకు ఇంకో చిక్కు ఉంది. జాబితా రాయాలంటే మా పేర్లు కావాలి. ఆయనకు తెలిసింది బి సెక్షనూ, టైపూ, రికార్డూ. పేర్లున్న సర్వీసు రిజిస్టర్లు పెద్దాయన బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం పెద్దాయన మొలతాడుకు ఉంది. పెద్దాయన సహాయ నిరాకరణలో ఉన్నాడు. దాంతో సారు ఒక తెల్లకాగితం, తన పెన్ను పట్టుకుని, స్టూలు ఒకటి తానే మోసుకుంటూ, ఈ ఆఫీసుకు వచ్చాక మొదటిసారి మా బల్లల మధ్యకు వచ్చాడు. నేరుగా అక్క ముందు స్టూలు వేసుకున్నాడు. గండం ముందు దాటేద్దామనుకున్నాడు కాబోలు.

“మీ పూర్తి పేరు చెప్పండమ్మా.”

ఆమె చెప్పింది. ఇంటిపేరుతో సహా. “దాని పక్కన ప్రొబేషన్ అని గూడ రాయుండ్రి సార్. లేకుంటె మీకు మాట వస్తది.”

సారు పెన్ను ఆగింది. “మీకు భయం లేదాండీ?”

“ఎందుకు లేదు సార్.” ఆమె రెండు చేతులూ బల్లమీద చాపింది. వేళ్లు వణుకుతున్నాయి. “చూడుండ్రి.”

“మరెందుకమ్మా ఇదంతా? మీరు పని చేసుకుంటే వీళ్లెవరూ ఏమీ అనరుగా.”

“అనరు సార్. కానీ అందరు కలం పక్కకు వెట్టి కూసున్నంక, ఈ హాల్ల నేనొక్కదాన్నే టకటక కొడుతుంటె ఆ సప్పుడు నాకే ఇనబుద్ధి కాదు.” నవ్వింది. “రెండేండ్లయింది సార్ నేనొచ్చి. మీరు గిట్ల ఎదురుంగ కూసోని అడుగుడు ఇదే మొదలు. లిస్టు కోసమయితే ఏంది, మంచిగనే ఉన్నది.”

సారు కాగితం మీద ఆమె పేరు మొదటి అక్షరం ఉంది, అంతే. ఆ నిమిషంలో హాల్లో ఉన్న ఏడుగురి ఊపిరీ నాకు విడివిడిగా వినిపించింది. ఇది ఊదడం కాదు.

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “సార్, ఒక్క మాట. లిస్టుల మొదటి పేరు ఆ బిడ్డది ఎట్ల పెడ్తరు? సీనియారిటీ అని ఒకటుంటది కద. మొదట రావాల్సింది నా పేరు.”

“హా!” అన్నాడు చాచా చాయ్ గిన్నె దించి. “నీదెట్ల వస్తది? ఈ బిల్డింగుకు సున్నం ఏసిననాడు నేను ఈడ ఉన్న. నువ్వు వచ్చినప్పుడు నీకు చాయ్ పోసింది ఎవలు?”

“నీది నాలుగో తరగతి చాచా. కేడరే వేరు. నీ పేరు కింద వస్తది.”

“ఉద్యమంల తరగతులుంటయా? జై తెలంగాణ అన్నప్పుడు నీ గొంతు మూడో తరగతి, నాది నాలుగో తరగతా? సాబ్, నా పేరు పైన లేకుంటె నేను సంతకం చెయ్య.”

“సంతకం చేసుడు ఎట్లయిన బందే కద!”

నన్నడిగితే ఇది నాటకం కాదు. ఆ ఇద్దరి మధ్య సీనియారిటీ తగువు నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఉంది. శిక్షకు పంపే జాబితా అయినా సరే, సర్కారు ఉద్యోగికి జాబితా కనిపిస్తే ముందు తన పేరు ఎన్నోదో చూసుకుంటాడు. ఉరితాడు దగ్గర నిలబెట్టినా 'నాకంటే జూనియర్ని ముందెట్ల ఎక్కిస్తరు' అని అడిగే జాతి మాది. సెలవు జంట కూడా కదనంలోకి దూకింది, వాళ్ల సెలవులు సర్వీసులో కలపాలా వద్దా అని. నేనూ ఊరుకోలేదు. జనగామలో రెండు నెలలు తాత్కాలికంగా చేసిన సర్వీసు బయటికి లాగాను. గొడవ రైలుస్టేషన్ దాకా వినిపించింది. ప్యాసింజరు బండి సమయానికి కదిలిపోయిందంటే ఎంత భయపడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మూడున్నర అయింది. సారు స్టూలు మీద అలాగే కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని వింటున్నాడు. మొదట చిరాకు, తర్వాత అలసట, ఆ తర్వాత మెల్లగా ఆయన పెదాల చివర ఏదో కదిలింది. ఆ కదలిక చెవుల దాకా పాకింది.

“అంటే,” అన్నాడు, “ఇది వివాదమన్నమాట.”

“పెద్ద వివాదం సార్,” అన్నాడు పెద్దాయన.

“నిబంధనల ప్రకారం, సీనియారిటీ వివాదం ఉన్నప్పుడు తుది జాబితా పంపకూడదు కదండీ?”

హాలు ఒక్కసారిగా చల్లబడింది. ముప్పై ఏళ్ల సర్వీసున్న పెద్దాయన ముఖంలో తెల్లవారింది. “పంపొద్దు సార్. తాత్కాలిక జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాలె. అభ్యంతరాలకు పదిహేను రోజులు టయిమియ్యాలె. గవన్నీ చూసినంకనే ఫైనల్.”

“పదిహేను రోజులు,” అన్నాడు సారు.

అక్కకు మిగిలి ఉన్న రోజులు ఆరు. ఎవరికి వారే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం.

ఇక ఉత్తరం తయారుకావాలి. మా పెన్నులు డబ్బాలో ఉన్నాయి. ఫ్యాక్సులో పంపేది టైపులో ఉండాలి. సారు వెళ్లి టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఆయన ఆ మిషనును ముట్టడం అదే మొదలు. ఒక్క వేలితో 'పై' అన్న అక్షరం వెతకడానికి పావుగంట పట్టింది.

పక్కన నిలబడిన అక్క ఆగలేకపోయింది. “పై వరుస సార్. ఎడమదిక్కు. ఇంక పక్కకు.” వెంటనే నాలిక కరుచుకుని మా వైపు చూసింది. “చెప్తె సహకరించినట్టయితదా?”

చాచా ఆలోచించి తీర్పు చెప్పాడు: “పెన్ డౌన్ అన్నరు. నోరు డౌన్ అనలె. చెప్పు బేటా.”

ఆమె చెప్తూ పోయింది, సారు పొడుస్తూ పోయాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: “పై సూచికలో కోరిన జాబితాలోని పేర్ల వరుసక్రమంపై సిబ్బందిలో సీనియారిటీ వివాదం తలెత్తినందున, తాత్కాలిక జాబితాను ప్రకటించి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా స్వీకరించి, పరిష్కరించిన పిమ్మట తుది జాబితా సమర్పించబడును.” నాలుగు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు ఫ్యాక్సు కిర్రుమంది. సారు నుదుటి చెమట తుడుచుకుని, స్టూలు మళ్లీ అక్క ముందు వేసుకున్నాడు. ఈసారి చేతిలో కాగితం లేదు.

“ఇప్పుడు చెప్పండమ్మా. ఆ చేతులు నొప్పి ఎప్పటినుంచి?”

ఆ సాయంత్రం ఆయన ప్రతి బల్ల దగ్గరా కూర్చున్నాడు. చాచా చేసిన చాయ్ తాగి అరగంట రెప్ప వేయలేకపోయాడు. మర్నాడు పెద్దాయన బల్ల రికార్డు గదిలోంచి బయట కిటికీ పక్కకు వచ్చింది. అక్క బల్ల కింద నాలుగు ఇటుకలు చేరాయి. నా మీది ఫ్యాను ఆమె మీదకు పోయింది. నేను కన్నీళ్లతో వీడ్కోలు పలికాను. గంట బీరువా దిగింది. మూడున్నరకు మోగితే అందరం చాయ్‌కి ఒకచోట కూర్చోవాలి, సారుతో సహా. ఒక్కటే నియమం, ఆఫీసు మాట ఎత్తొద్దు. ఆ నియమాన్ని మేం ఎండుద్రాక్ష కంటే శ్రద్ధగా పాటించాం.

ఆరు రోజులు గడిచాయి, అక్క ప్రొబేషన్ ముగిసింది. సారు ఆమె కాగితం మీద తానే సంతకం పెట్టి, తానే హాల్లోకి తెచ్చి, పూర్తి పేరుతో పిలిచి చేతికిచ్చాడు. చాచా ఆ రోజు చాయ్‌లో ఎంత చక్కెర వేశాడంటే మానుకోట చీమలన్నీ మా ఆఫీసు వరండాలో సభ పెట్టాయి. కొన్నాళ్లకు సహాయ నిరాకరణ ముగిసింది. జాబితా సంగతి పైవాళ్లు మళ్లీ అడగలేదు. సీనియారిటీ వివాదం మాత్రం పరిష్కారం కాలేదు. పెద్దాయన, చాచా రిటైరయ్యాక కూడా పెళ్లిళ్లలో కలిస్తే ముందు వరుస కుర్చీ కోసం దాన్నే తిరగదోడుతున్నారు.

నేనిప్పుడు భూపాలపల్లిలో సూపరింటెండెంటుని. కిటికీ మీద బొగ్గుధూళి, నా కింద తొమ్మిది మంది. మా ఆవిడ లెక్కలో నలుగురు. సారు బదిలీ మీద పోతూ ఇచ్చిన ఇత్తడి గంట నా బల్లమీదే ఉంది. పొద్దున రాగానే స్టూలు పట్టుకుని ఒక్కో బల్ల దగ్గర కాసేపు కూర్చుంటాను. నాయకత్వం గురించి నాకు తెలిసింది ఆ స్టూలంతే. అందరి పూర్తి పేర్లూ నాకు వచ్చు.

ఇప్పుడు ఆ రబ్బరు సంగతి. గురక, గడ్డం, చీమలు, ఇవన్నీ గాలి, మీరు అప్పుడే తీసేసి ఉంటారు. నేను పుట్టించింది ఒక్కటే. అందరికంటే ముందు నా పెన్ను పడిందని రాశాను. చివర పడింది నాదే. అది కూడా రీఫిల్ లేని పెన్ను. రాసే పెన్ను మేజోడులో దాచుకున్నాను, ఎటుపోయి ఎటొస్తుందోనని. నా ప్రొబేషన్ ఎప్పుడో అయిపోయింది, నాకు పోయేదేమీ లేదు, అయినా దాచుకున్నాను. పెన్నులు తిరిగిచ్చిన రోజు చాచా నాదాన్ని విప్పి చూసి, “భాయ్, నీ పెన్ను రంజాన్ రోజా ఉన్నట్టుంది, కడుపుల ఏం లేదు,” అన్నాడు మెల్లగా. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

అక్క వేసింది మాత్రం ఆమెకున్న ఒక్కటే పెన్ను. దీన్ని సగం తీసేసి వినకండి.